బొమ్మల సారు చెడగొట్టిన ముగింపు

కంచుకాయుడి ఆఖరి సంపుటం లాంటిది తెలుగులో మరొకటి లేదని పోయిన నెల దాన్ని గీసిన బొమ్మల సారు సంతాపసభలో నలుగురు వక్తలు నాలుగు రకాలుగా చెప్పారు. నాలుగూ అబద్ధాలే. ఆయన గీసినవాటిలో అన్నిటికన్నా నాసిరకం పుస్తకం అది. ఆ ముక్క ఆయన బతికుండగా మొహం మీదే చెప్పినదాన్ని, పోయాక చెప్పడానికి నాకేం మొహమాటం?

కంచుకాయుడెవరో తెలియని పెద్దవాళ్ళ కోసం రెండు మాటలు. పిల్లలకి అక్కర్లేదు. గుడిగంటలు కరగబోసిన మూసలోంచి పుట్టిన వీరుడు. కత్తి తగిలితే ఒళ్ళు తెగదు, ఖంగుమని మోగుతుంది. ఆ మోతకి శత్రువులు చెవులు మూసుకుని పరిగెడతారు. మద్రాసు నుంచి వచ్చే ఒక పిల్లల మాసపత్రికలో నెలనెలా బొమ్మల కథగా వచ్చేది. తర్వాత బెజవాడవాళ్ళు సంపుటాలుగా కుట్టి అమ్మేవారు. మా బడిలో వెనక బెంచీల కింద ఎన్ని దొరికేవో లెక్క లేదు. సాంఘికశాస్త్రం పాఠం మధ్యలో లాక్కుని, వాటిని స్టాఫ్ రూములో కూచుని నేనే చదివేదాన్ని. కాబట్టి ఈ విషయంలో నాకు మాట్లాడే హక్కుంది.

ఆ సభ ఫ్యాక్టరీ క్లబ్బు హాల్లో జరిగింది. ఒక కాలేజీ లెక్చరరు గారు లేచి, ఆఖరి పేజీలో కంచుకాయుడి చుట్టూ గీతలు చెదిరి, మసగ్గా, వెలుగు చిమ్ముతున్నట్టు ఉంటాయి చూశారా, అది దివ్యకాంతి, మృత్యువు మీద మానవుడి విజయానికి చిహ్నం అన్నాడు. హాలంతా చప్పట్లు. నేను లేవబోయాను. మా ఆయన కొంగు పట్టుకున్నాడు.

"జర కూసో. ఇది సంతాపసభ, నీ స్టాఫ్ రూము కాదు."

"దివ్యకాంతట! అది సిరా ఊరడం. నా కళ్ళ ముందు ఊరింది."

"ఊరితే ఊరనియ్యి. మనిషి పోయిండు గద."

మనిషి పోతే పుస్తకం బాగుపడుతుందా? ఇదెక్కడి న్యాయమో నాకు తెలియదు. సభలో చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కాలనీలో అందరూ ఆయన్ని బొమ్మల సారు అనేవాళ్ళు. లింగంపల్లి దాటాక ఫ్యాక్టరీ కట్టి, రాళ్ళ మధ్య క్వార్టర్లు లేపిన కొత్తల్లో మా పక్క వాటాలోకి వచ్చాడు. డ్రాఫ్ట్స్‌మన్. పగలంతా ఫ్యాక్టరీలో యంత్రాల నమూనాలు గీయడం, ఇంటికొచ్చి కంచుకాయుణ్ణి గీయడం. గోదావరి మనిషి. పిల్లిని కూడా "తప్పుకోండి" అనేవాడు. నేను సంగారెడ్డి పక్కన పుట్టినదాన్ని, నా నోట్లో అండీ అంత తొందరగా పలకదు. ఆయనతో దెబ్బలాడీ దెబ్బలాడీ నాకూ పట్టుబడింది.

ఏది అడిగినా ఆయన జవాబొకటే. "చూద్దామండి." పాలవాడు పాలల్లో నీళ్ళు పోస్తున్నాడు, అడగండి అని వాళ్ళావిడ అంటే, చూద్దామండి. వెనక వాటావాళ్ళ రేడియో చెవులు చిల్లులు పడేట్టు మోగుతుంటే, చూద్దామండి. పాలవాడు ఎదురొస్తే ఆయనే రోడ్డు దాటి అవతలి పక్కకి పోయేవాడు. అదే మనిషి రాత్రి కూచుని కంచుకాయుడి చేత "ఓరి దుష్టా! నిలువునా చీల్చెద!" అనిపించేవాడు. ఒకసారి అడిగాను, ఈ పౌరుషమంతా ఎక్కడ దాస్తారండీ పగలు అని. ఉడుక్కోలేదు. "పగలు డ్యూటీ కదండీ" అన్నాడు.

కుడి చెవి మీద ఒక పెన్సిలు, ఎడమ చెవి మీద ఒక పెన్సిలు పెట్టుకుని, మూడో పెన్సిలు కోసం ఇల్లంతా వెతికేవాడు. బొమ్మ ఎవరికి చూపించాలన్నా ముందు దాని మీద ఉఫ్‌మని ఊదేవాడు. దుమ్ముండనీ, ఉండకపోనీ. టీ చల్లారేదాకా తాగడు. వేడి టీ తాగితే గీత వణుకుతుందట. చల్లారాక మరిచిపోతాడు. మా ఇంట్లో ఆయన కోసం పెట్టిన టీలు ఎక్కువ భాగం మా తులసిమొక్క తాగింది.

ఇక ఆ బొమ్మలు. మొదటి రెండు సంపుటాలూ తీసి చూడండి, నవ్వుకోవచ్చు. రాజుగారి సింహాసనానికి మరలు కనిపిస్తాయి, ఆ మరలకి చుట్లు కూడా సరిగ్గా ఉంటాయి. రథచక్రానికి బేరింగు ఉంటుంది. కంచుకాయుడు మాత్రం బార్బరు షాపు క్యాలెండర్లో మనిషిలా ఎర్రగా బుర్రగా, కింద భూమి ఉందో లేదో తెలియకుండా నిలబడి ఉంటాడు. ఆడవాళ్ళందరికీ ఒకటే మొహం. రాణి అయితే బొట్టు పెద్దది, దాసి అయితే చిన్నది.

ఆదివారం పొద్దున్నే ఆ పేజీలు పట్టుకుని మా వరండాలోకి వచ్చేవాడు. నేను తిడతానని తెలిసే వచ్చేవాడు. మిగతావాళ్ళు బాగుంది బాగుంది అంటారండి, ఏం బాగుందో చెప్పరు, మీరైతే ఏం బాగోలేదో చెప్తారు అనేవాడు.

"మీ రాకుమారికి మెడ ఏదండీ?"

"మెడ పెడితే నగలు వెయ్యాలి కదండీ. నగలకి టైము పడుతుందండి."

"మరి సింహాసనానికి మరలు వెయ్యడానికి టైముందా?"

"అవి అలవాటండి. చెయ్యి దానంతటదే వేసేస్తుందండి."

మనుషుల్ని చూసి గీయండి మహానుభావా అని నేనే పోరు పెట్టాను. అదొక పీడ అయింది కాలనీకి. కనబడినవాణ్ణల్లా నిలబెట్టేవాడు. మా ఆయన తలకి తువ్వాలు చుట్టి మంత్రిని చేశాడు. చీపురు బల్లెం, చాట డాలు, అట్లకాడ గద. నన్ను కూడా ఒకసారి అడిగాడు, మంత్రగత్తె కోసమని, ఊదాల్సిన బొమ్మ లేక చేతుల మీదే ఊదుకుంటూ. ఎలా నిలబడాలి అన్నాను. "ప్రత్యేకంగా ఏం వద్దండి, మామూలుగా నావైపు చూడండి చాలు" అన్నాడు. మా ఆయన నెల రోజులు నవ్వాడు. ఆ మంత్రగత్తె రెండో సంపుటంలో ఉంది, మంచి బొమ్మే.

మూడో సంపుటంతో కథ మారింది. ఆ ఆదివారం పేజీలు చూసి నేనే నిర్ఘాంతపోయాను. కంచుకాయుడికి భుజాలొచ్చాయి. కాళ్ళు ఎడంగా పెట్టి, మడమలు నేలలో నాటినట్టు, నడుం కొంచెం వెనక్కి వాల్చి నిలబడ్డాడు. వెనక గచ్చిబౌలి వైపు బండరాళ్ళు, ఏనుగుల్లా ఒకదాని మీదొకటి.

"ఈ భుజాలెక్కడివండీ?"

"క్రేను మీదవండి."

నర్సింహ మా ఫ్యాక్టరీలో క్రేను నడిపేవాడు. హఫీజ్‌పేట్ మనిషి. ఏటా బోనాలకి వాళ్ళ ఊళ్ళో పోతరాజు కట్టేది అతనే. ఒళ్ళంతా పసుపు పూసుకుని, నడుముకి వేపమండలు చుట్టి, కొరడా తిప్పుతూ అమ్మవారి ముందు నడిచేవాడు. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో ఆంధ్రావాళ్ళందరూ తలుపులేసుకుని కూచున్నారు. మా బొమ్మల సారయితే తలుపుకి మంచం కూడా అడ్డం పెట్టాడు. అప్పుడు నర్సింహ రోజూ షిఫ్టుకి ముందొచ్చి తలుపు కొట్టేవాడు. "నడువుండ్రి సారూ, నా ఎంట ఉంటే ఎవ్వడేమంటడు" అని ఫ్యాక్టరీ గేటు దాకా తోడు నడిచేవాడు. సారు అతని వెనక నక్కి నక్కి నడుస్తూ, ఆ వీపు చూసీ చూసీ నేర్చుకున్నాడన్నమాట. భయపడటం వల్ల కళకి ఇంత మేలు జరగడం నేనెక్కడా చూడలేదు.

అక్కణ్ణించి కంచుకాయుడికి పేరొచ్చింది. పిల్లలు పడిచచ్చేవారు. హఫీజ్‌పేట్‌లో నర్సింహని పేరు పెట్టి పిలవడం మానేసి "కంచూ" అనడం మొదలుపెట్టారు. పత్రిక వచ్చిన రోజున నర్సింహ మా వరండాకే వచ్చి, నేను చదివి చెబుతుంటే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వినేవాడు. "ఈసారి ఎవన్ని గొట్టిన టీచరమ్మా?" అని అడిగేవాడు.

ఏ కథకైనా అంతుండాలి కదా. ఆరో సంపుటానికి సారు దగ్గర సరుకు అయిపోయింది. శత్రువు బూడిదరాజు చచ్చి మళ్ళీ బతికి మళ్ళీ చచ్చాడు. బెజవాడవాళ్ళేమో ఇంకా లాగమంటారు. ఆయన వాళ్ళకి చూద్దామండి అని రాసేవాడు. నేను ఊరుకోలేదు.

"చంపేయండి. కంచుకాయుణ్ణి చంపేసి, దణ్ణం పెట్టి, కథ ముగించండి. ఆ ధైర్యం లేకపోతే బొమ్మలు మానేసి రథాలకి బేరింగులు గీసుకోండి."

ఆశ్చర్యం, ఆయన చూద్దామండి అనలేదు. తల గీరుకున్నాడు. నాలుగు వారాలు మా వరండాకి రాలేదు. వచ్చిన రోజున ఊదకుండానే పేజీలు నా చేతిలో పెట్టాడు.

నేను చాలా చదివాను. కాలేజీలో పెద్ద పెద్ద కావ్యాలే చదివించారు. కానీ ఆ మూడు పేజీలు చూసి, వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. కొండబండ కింద కంచుకాయుడు పడి ఉంటాడు, ఎడమ కాలు బండ కింద, మెడలో దండ. ఇంతవరకే చెబుతాను. అతను ఎలా పోయాడో, ఆఖరిసారి ఆ ఒళ్ళు ఎలా మోగిందో, ఎవరు విన్నారో చెప్పను. ఆ పేజీలు పూర్తిగా చూసినవాళ్ళం ముగ్గురమే. నేను, ఆయన, నర్సింహ.

"ఎలా ఉందండీ?" అన్నాడు.

"దీంట్లో తిట్టడానికేం లేదు" అన్నాను. ఆయనతో నేనన్న మంచిమాట అదొక్కటే. పాపం, నమ్మలేక మళ్ళీ అడిగాడు.

అసలు గొడవ ఆ బొమ్మకోసం నర్సింహని పడుకోబెట్టినప్పుడే మొదలైంది. తన వరండాలో చాప పరిచి పడుకోమన్నాడు. కొండబండకి బదులు వాళ్ళావిడ రుబ్బురోలు పొత్రం తెచ్చి ఎడమ కాలి మీద పెట్టాడు. మెడలో బంతిపూల దండ వేశాడు. కళ్ళు మూసుకోమన్నాడు. గోదావరి మనిషికి ఎవరూ చెప్పలేదేమో, బతికున్న మనిషిని దండేసి పడుకోబెట్టి బొమ్మ తీస్తే మా వైపు ఆడవాళ్ళు ఒప్పుకుంటారా? ఆ వైపు మాత్రం ఒప్పుకుంటారా? బొమ్మ పిచ్చిలో ఆయనకి తోచలేదు. నర్సింహకి అదంతా ఆట. సరిగ్గా అప్పుడే నర్సింహ పెళ్ళాం ఎల్లమ్మ అన్నం గిన్నె తీసుకుని వచ్చింది.

ఆ కేక కాలనీ అంతా విన్నది. నేను పరిగెత్తుకెళ్ళేసరికి నర్సింహ లేచి కూచుని, దండ మెడలోనే ఉండగా పగలబడి నవ్వుతున్నాడు. "ఉత్తగనే ఎల్లమ్మా! సారు నన్ను బొమ్మల సంపిండు." ఎల్లమ్మ నవ్వలేదు. దండ తెంపి అవతల పారేసింది. ఉప్పు అడిగి తీసుకుని అక్కడే మొగుడికి దిష్టి తీసింది. సారు రెండు చెవుల మీదా పెన్సిళ్ళతో బల్లిలా గోడకి అంటుకుని నిలబడ్డాడు.

తర్వాత కొన్నాళ్ళకి ఫ్యాక్టరీలో క్రేను గొలుసు తెగింది. నర్సింహ ఆ పూట క్రేను దిగి కింద సరుకు సర్దుతున్నాడు. ఇనప దిమ్మ దొర్లి వచ్చి కాలి మీద పడింది. ఎడమ కాలి మీద.

పట్నంలో పెద్ద దవాఖానలో పడేశారు. కాలు తీసెయ్యాలన్నారు, తియ్యకపోతే విషమెక్కి మనిషే దక్కడన్నారు, మళ్ళీ చూద్దామన్నారు. మూడో రోజు సాయంత్రం ఎల్లమ్మ దవాఖాన నుంచి నేరుగా సారు ఇంటికొచ్చింది. నేను అక్కడే ఉన్నాను, ఆ మూడు పేజీలూ బెజవాడకి పంపడానికి అట్టపెట్టెలో సర్దిస్తున్నాను. ఎల్లమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గుమ్మంలో కూచుంది.

"సారూ, పండుకున్నోన్ని లేపుండ్రి."

ఆయనకి అర్థం కాలేదు. నాకయింది.

"ఎల్లమ్మా, బొమ్మకీ దెబ్బకీ ఏం సంబంధం? గొలుసు పాతది, తెగింది. నువ్వు దవాఖానకి పో, మనిషి దగ్గర కూచో."

"మీరు ఊకోండమ్మా. సారునడుగుతున్న. సారూ, మీరు పండబెట్టిండ్రు, మీరే లేపుండ్రి. బండ దియ్యిండ్రి. గంతే. పైసలడగను, ఏమడగను."

నేను సారు వైపు చూశాను. చూద్దామండి అంటాడని. ఆ క్షణాన నాకు ఆ మాటే కావాలి. ఎల్లమ్మని ఆ మాటతో పంపించేస్తే, పొద్దున్నే పేజీలు పోస్టులో వేసెయ్యొచ్చు.

"లేపుతానమ్మా" అన్నాడు.

ఆ మనిషి జన్మలో ఒక్కసారి తిరుగులేని మాట అన్నాడు. అదీ తప్పుడు పనికి.

నేనాయన్ని ఎన్ని తిట్టానో నాకే గుర్తు లేదు. ఒక మనిషి అడిగిందని పుస్తకం పాడు చేస్తారా అన్నాను. చదువుకున్నవాడివి, యంత్రాలు గీసేవాడివి, ఇంత మూఢనమ్మకమా అన్నాను. మర్యాద మరిచి నువ్వు అని కూడా అన్నాను. ఆయన వింటూనే గడ్డం గీసుకునే బ్లేడు తీసుకుని సగానికి విరిచాడు. ఆయన బొమ్మలన్నీ డ్రాయింగు ఆఫీసు అలవాటు కొద్దీ ట్రేసింగు క్లాతు అనే గంజిపెట్టిన పల్చటి గుడ్డ మీదే వేసేవాడు. దాని మీద సిరా తప్పు పడితే బ్లేడుతో గీకి తీస్తారు. ఎల్లమ్మ చూస్తుండగా, గుమ్మం దగ్గరే కింద కూచుని గీకడం మొదలుపెట్టాడు. ముందు కాలి మీది బండ పోయింది. తర్వాత దండ. తర్వాత మూసిన కళ్ళు. గీకుతూ ఊదుతున్నాడు. నల్లటి పొడి ఎల్లమ్మ చీర మీద పడుతోంది.

"సరే, అంత లేపాలనుంటే కొత్త గుడ్డ తీసుకుని వెయ్యండి. గీకినచోట సిరా ఊరుతుందని మీకు తెలీదా?" అన్నాను.

"తెలుసండి. కొత్తదాంట్లో వేస్తే వేరేవాడు నిలబడతాడండి. ఆవిడకి వీడు లేవాలి."

కుంచెడు చిరాకు వచ్చింది నాకు. ఆయన కలం ముంచి గీకినచోటే గీశాడు. గీత పెట్టినచోటల్లా సిరా పాకి, అంచులు చెదిరి, బూజు పట్టినట్టయింది. కళ్ళు తెరిచాడు. కాళ్ళు ఎడంగా నిలబెట్టాడు. ఎల్లమ్మ వేలితో ఎడమ కాలి దగ్గర తాకి చూసింది. తడి సిరా వేలికంటింది. ఆ వేలు కొంగుతో తుడుచుకుని, ఇగ పోతానని, పట్నం బస్సుకి వెళ్ళిపోయింది.

అదీ లెక్చరరు గారి దివ్యకాంతి.

ఇక ఆ పుస్తకం సంగతి. నిలబెట్టడం అయితే నిలబెట్టాడు, ఎందుకు నిలబడ్డాడో కథ ఉండాలి కదా. లేదు. బండ దూదిపింజెలా ఎగిరిపోతుంది. ఎవరు ఎగరేశారు? తెలియదు. అన్ని సంపుటాలు పగబట్టిన బూడిదరాజు ఒక్కసారిగా చేతులు కట్టుకుని క్షమించమంటాడు. ఎందుకు? అడక్కండి. ఆపైన మెడ లేని రాకుమారితో పెళ్ళి. మెడ లేదు కాబట్టి తాళి ఎక్కడ కట్టించాలో తెలియక సారు చేతులు అడ్డం గీశాడు. ముందు పేజీల్లో చావు వైపు నడిచే కథ ఒక్క అక్షరం మారలేదు, ఆఖరికి వచ్చేసరికి పెళ్ళిభోజనం. సంపుటాల మీద సంపుటాలు కట్టుకొచ్చిన గోపురానికి కలశం బదులు బొంగరం పెట్టినట్టుంది. దీన్ని మంగళాంతం అని పొగిడినవాళ్ళు పుస్తకం చదివారో, అట్ట చూశారో.

అచ్చయ్యాక ఆయన ఆ సంపుటం మా ఇంటికి తేలేదు. నేనే లింగంపల్లి స్టేషన్లో కొనుక్కుని, ప్లాట్‌ఫారం మీద నిలబడి చదివాను. పట్నం బండి కోసం ఆయనా అక్కడే ఉన్నాడు, స్తంభం చాటున. పిలిచాను.

"ఇది బాగోలేదు."

"బాగోలేదండి."

"తెలిసే వేశారా?"

"తెలుసండి. నేనే వేశానుగా."

"మీరు నమ్ముతారా, బొమ్మ లేస్తే మనిషి లేస్తాడని?"

"లేదండి. నాకు నమ్మకం లేదండి." పట్టాల వైపు తిరిగాడు. "కాని పొత్రం ఆ కాలి మీద పెట్టింది నేనే కదండీ."

బండి వచ్చింది. ఎక్కబోతూ జనం తోస్తే అందరికీ దారిచ్చి ఆఖర్న ఎక్కాడు. మళ్ళీ కంచుకాయుణ్ణి గీయలేదు. ఆదివారాలు మాత్రం వచ్చేవాడు, ఉత్త చేతులతో. టీ చల్లారబెట్టుకుని కూచునేవాడు. తిట్టడానికి ఏమీ తేలేదేమండీ అంటే, "చూద్దామండి" అనేవాడు.

నర్సింహ బతికాడు. కాలు తియ్యలేదు, ఉందన్న మాటేగాని మడత పడదు. క్రేను ఎక్కలేడని స్టోర్సులో పానాలూ మరలూ ఇచ్చే పని ఇచ్చారు. పోతరాజు ఇప్పుడు వాళ్ళ అన్న కొడుకు కడుతున్నాడు. ఇదంతా బొమ్మ వల్లే అని ఎల్లమ్మ, డాక్టరు వల్ల అని నేను. ఈ వాదన తేలేది కాదు.

సంతాపసభ అయిన వారానికి బెజవాడ నుంచి ప్రచురణకర్తల మనిషి వచ్చాడు. సఫారీ సూటు, చేతిలో తోలుసంచి, మాటకి ముందు చిరునవ్వు. సంపుటాలన్నీ మళ్ళీ వేస్తున్నారట. ఆఖరి దాంట్లో మొదట కంచుకాయుడు చనిపోయే ముగింపు ఉండేదని సారు ఉత్తరం రాసినట్టు వాళ్ళ పాత ఎడిటరుకి లీలగా గుర్తుందట. ఆ పేజీలు చూసినవాళ్ళు మీరేనట కదండీ మేడమ్, మీరు చెబితే మా ఆర్టిస్టు చేత గీయిస్తాం, అసలు ముగింపు అని పెద్దక్షరాల్లో వేస్తాం, జనం కొట్టుకుని కొంటారు అన్నాడు.

ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళ వాదన నేను గెలిచినట్టే. ప్రతి గీతా నా కళ్ళలో ఉంది. ఆయన పేరు నిలబడితే ఆ మూడు పేజీలతో నిలబడాలి గాని, ఈ పెళ్ళిభోజనంతోనా? రెండు రోజుల్లో చెబుతానని పంపించాను. నర్సింహని ఒకమాట అడిగి చెబుదామని హఫీజ్‌పేట్ బస్సెక్కాను.

నర్సింహ వాకిట్లో రేకుల కింద కాలు చాపుకుని కూచున్నాడు. సంగతి చెబితే మొహం విప్పారింది.

"ఎయ్యమనుండ్రి టీచరమ్మా! గదే మంచిగుండె. నేన్ పండుకున్న గద, నాకెర్కలేదా? గీ పుస్తకంల ఉన్నదేంది, బండ ఎగిరిపోవుడేంది, నవ్వొస్తది. దిమ్మ మీద పడితే ఎగరదమ్మా. నాకంటే ఎవనికెర్క?"

చూశారా! మోడలుకున్న పాటి తెలివి లెక్చరరుకి లేదు. సంబరపడ్డాను. పక్కన ఎల్లమ్మ చాటలో చింతచిగురు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"ఎల్లమ్మా, నీకేం ఫికర్ వద్దు. అప్పుడు తెగింది గొలుసు. పాతబడితే ఏ గొలుసైనా తెగుతుంది. ఇప్పుడాయన క్రేను కిందికే పోడు. బొమ్మలో ఏముంటే ఏం?"

"నాకెర్కే అమ్మా, గొలుసే తెగింది." ఈనెలు తీసి పక్కన పడేసింది. "నేనేమన్న పిచ్చిదాన్నా? గని ఆయన్ని మల్ల పండబెడ్తమంటున్నరు. అప్పుడంటే సారుండె, లేపిండు. ఇప్పుడు సారు సచ్చిపాయె. మల్ల ఏమన్నయితే నేనెవరింటికి పోవాలె? ఎవరు లేపుతరు?"

నర్సింహ నవ్వబోయి మానేశాడు. ఎల్లమ్మ చాట చెరుగుతోంది. వాదన గెలవకుండా నేనొక ఇంట్లోంచి లేచి రావడం మా ఆయన చూసి ఉంటే పండగ చేసుకునేవాడు.

రెండో రోజు సఫారీ సూటు వచ్చాడు.

"నాకు గుర్తు లేదు" అన్నాను.

"అదేంటి మేడమ్! మీకు గుర్తుండకపోవడమా? మీ జ్ఞాపకశక్తి గురించి కాలనీ అంతా..."

"వయసు."

"కనీసం ఎలా పోయాడో ఒక్క ముక్క..."

"పోలేదు. పుస్తకంలో ఉందిగా, లేచి నిలబడ్డాడు. అదే వెయ్యండి."

ఇది చదివి అతను మళ్ళీ వస్తాడు. రానీండి, టీ ఇస్తాను. అంతకుమించి ఏమీ దొరకదు. ఆఖరి సంపుటం ఎలా ఉన్నదో అలాగే మళ్ళీ అచ్చవుతుంది. బండ ఊరికే ఎగిరిపోతుంది, రాకుమారికి మెడ ఉండదు, సిరా ఊరిన కాళ్ళ మీద కంచుకాయుడు ఎందుకో ఏమిటో లేకుండా నిలబడే ఉంటాడు. కొనుక్కోండి, మీ పిల్లలకివ్వండి. మంచి పుస్తకమని మాత్రం నా ముందు అనకండి, ఊరుకోను.